టెన్నిస్ అనే పిలుపు

తార్నాకలో మా ఇంటి గేటు నుంచి యూనివర్సిటీ లోపలి మట్టి టెన్నిస్ కోర్టుకు నా నడకలో రెండు వేల నూట నలభై అడుగులు. వానాకాలంలో బురద తప్పించుకుంటూ పోతే ఇంకో అరవై. తొంభైల మధ్యలో రోజూ పొద్దున ఆ దారిన నడిచేవాణ్ణి. అప్పటికి నాకు నలభై మూడేళ్లు. దగ్గరలోని ఒక పరిశోధన సంస్థలో లెక్కల గుమాస్తాను. పదో తరగతితో చదువు ఆగిపోయింది. సగటు తీయడం, నాలుగు అంకెలు చూసి ఐదోది అంచనా కట్టడం పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను.

ఆ కోర్టులో ఇద్దరే ఆడేవారు. ఒకరు ఫ్రెంచి పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. గోదావరి వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం వారిది. భార్య పోయాక తార్నాకలో అద్దె ఇంట్లో ఒక్కరే ఉండేవారు. రెండో ఆయన ఆ కోర్టుకు నీళ్లు చల్లి, రోలర్ లాగి, సున్నం గీతలు వేసే మనిషి. సీతాఫల్‌మండి నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. ఆటలో మాస్టారికంటే ఆయనదే పైచేయి.

వాళ్ల ఆటలో ఒక పద్ధతి ఉండేది. బంతి ఎగరేసే ముందు మాస్టారు "తీసుకో" అనాలి. అవతలి నుంచి "ఊ" అని వినపడాలి. కథ చెప్పేవాళ్లకు ఊ కొట్టినట్టు. ఊ రాకముందు కొడితే ఆ పాయింటు చెల్లదు. కోర్టు మనిషి కావాలనే ఆలస్యం చేసేవాడు.

"ఊ అనవయ్యా, చెయ్యి పీకేస్తోంది," అనేవారు మాస్టారు.

"ఆగుండ్రి సార్. మీకు పెన్షన్ వస్తది, నాకు ఊపిరి రావాలె గద."

ఈ పద్ధతి ఎక్కడిదని ఒకరోజు బెంచీ మీద కూర్చుని అడిగాను.

"టెన్నిస్ అనే మాటే ఒక పిలుపండీ," అన్నారు మాస్టారు. "వెనకటి ఫ్రెంచివాళ్లు బంతి కొట్టేముందు 'తెనే' అని అరిచేవారు. ఇదిగో, పట్టుకోండి, అని. అది విన్న ఇంగ్లీషువాళ్లు ఆట పేరే అదనుకున్నారు. పండితుల్లో ఎక్కువమంది మాట ఇదీ. ఫ్రెంచివాళ్లు మాత్రం అరచేతి ఆట అనేవాళ్లు, మొదట్లో ఉత్త చేత్తోనే కొట్టేవారు కాబట్టి."

ఇంకా చెప్పారు. రాకెట్ అనే మాట అరచేతికి అరబ్బీలో ఉన్న పేరు నుంచి వచ్చిందని కొందరంటారట. టెన్నిస్ అసలు ఈజిప్టులో సన్నబట్ట నేసిన ఒక ఊరి పేరని ఇంకొందరి వాదన. ఆ ఊరు ఇప్పుడు లేదు. ఒక ఉప్పునీటి సరస్సు మధ్య దిబ్బలు మిగిలాయి. చైనావాళ్లు వల బంతి అని రాస్తారు, జపానువాళ్లు ఒకప్పుడు తోట బంతి అని రాశారు. స్పానిష్ మాట్లాడేవాళ్లు కాళ్లకు తొడిగే బూట్లనే టెనిస్ అంటారు.

"మా సీతాఫల్‌మండి పోరగాళ్లకు టెన్నిస్ అంటే బంతే సార్," అన్నాడు కోర్టు మనిషి. "టెన్నిస్ ఉన్నదా, క్రికెట్ ఆడుదం, అంటరు."

మాస్టారు నవ్వారు. తరవాత నెట్ అవతలి ఖాళీ వైపు చూస్తూ అన్నారు: "పిలుపు అన్ని దేశాలూ తిరిగింది. అవతలివాడు ఏమని బదులిచ్చేవాడో ఎవరూ రాసిపెట్టలేదు. ఏ భాషలోనూ మిగల్లేదు. అందుకే మేం ఊ పెట్టుకున్నాం."

పాయింట్ల లెక్కలో పదిహేను, ముప్ఫై తరవాత నలభై ఐదు రావాలి గదా, నలభై ఎందుకన్నారని కూడా అడిగాను. అదీ ఖాయంగా ఎవరికీ తెలియదన్నారు. మిగలని ఆ బదులు, ఈ నలభై, రెండూ చాలా రోజులు నన్ను వదల్లేదు.

ఆ ఏడాది వానల్లో కోర్టు మనిషి జ్వరంతో చనిపోయాడు. మూడు వారాలు కోర్టుకు ఎవరూ రాలేదు. తరవాత ఒక శనివారం పొద్దున చూస్తే మాస్టారు తన గీత దగ్గర ఒక్కరే నిలబడి ఉన్నారు. నెట్ అవతల ఎవరూ లేరు. "తీసుకో" అన్నారు. చెవి కొంచెం అటు తిప్పి, కదలకుండా నిలబడ్డారు. నేను అలవాటుగా వాచీ చూశాను. యాభై రెండు సెకన్లకు తల ఊపి బంతి కొట్టారు. అది వెనక కంచెకు తగిలి మట్టిలో దొర్లి ఆగింది.

ఆ శనివారం నుంచి రోజూ ఒక్కసారే పిలిచేవారు, ఒక్క బంతే కొట్టేవారు. ఆదివారం నలభై ఎనిమిది సెకన్లు. సోమవారం నలభై ఐదు, మంగళవారం నలభై ఒకటి, బుధవారం ముప్ఫై ఎనిమిది.

బుధవారం మధ్యాహ్నం మాస్టారి కూతురు మా ఇంటికి వచ్చింది. ముషీరాబాద్‌లో కాపురం, ఒక స్కూల్లో టీచరు. చెప్పులు విప్పి గుమ్మం దగ్గరే ఆగింది.

"అంకుల్, మీరు రోజూ చూస్తరట గదా. నాన్న నాకు ఫోన్ల ఏమన్నడో తెల్సా? ఆయన జవాబిస్తున్నడమ్మా, కొంచెం లేటుగా ఇస్తున్నడు, అన్నడు. చచ్చిపోయినాయన. మీకేమన్న వినిపిస్తదా?"

"లేదమ్మా."

"నిజం చెప్పుండ్రి."

"నాకు వినపడలే."

ఆమె కాసేపు గోడ మీది క్యాలెండర్ చూసింది. "వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం నేనే వచ్చి చూస్త. ఖాళీ జాగాతోని మాట్లాడుతుంటే ఇంక ఒక్కణ్ణి వదిలేది లేదు. మా ఇంటికే తీసుకపోత. మూడో అంతస్తు, మెట్లెక్కుడు కష్టమే. అయినా తలుపేసుకుంటె భయముండదు."

ఆమె వెళ్లాక కాగితం తీసుకుని కూర్చున్నాను. నాలుగు రోజుల్లో పద్నాలుగు సెకన్లు తగ్గింది. రోజుకు మూడున్నర. అదే వాలున పోతే మొదటి శనివారం తరవాత పదిహేనో రోజుకు సున్నా దాటి అర సెకను తక్కువ వస్తోంది. పదిహేనో రోజంటే ఆమె వస్తానన్న ఆదివారమే. సున్నాకు తక్కువ సెకన్లు ఉండవు గనక ఎక్కడో తప్పు చేశానని మళ్లీ కట్టాను. మూడుసార్లు కట్టినా అదే వచ్చింది. అర్థం పెట్టి చదివితే, ఆ రోజు పిలుపుకంటే ముందే జవాబు రావాలి. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మా ఆవిడ అన్నానికి రెండుసార్లు పిలిచిందట, నాకు తెలియలేదు.

తరవాతి రోజుల అంకెలు కాగితం మీది గీతను వదల్లేదు. మూడో శనివారం మూడు సెకన్లు. అంతా అయ్యాక మాస్టారి దగ్గరికి వెళ్లి కూతురు వస్తున్న సంగతి చెప్పాను.

"తెలుసు. తీసుకెళ్తానంది," అన్నారు. బంతి చొక్కాకు తుడుస్తూ ఉన్నారు. "ఆ మూడో అంతస్తులో నేనేం పిలవనండీ? ఎవరికి వినపడుతుంది?"

"రేపు అవతల నేను నిలబడతా సార్. ఊ నేనంటా. ఇద్దరం ఆడుతున్నట్టే ఉంటది."

ఆయన బంతి జేబులో వేసుకున్నారు. "నిలబడండి. ఆయన చోట వద్దు. ఒక అడుగు పక్కకి."

ఆదివారం పొద్దున ఎండ బాగానే ఉంది. చర్చికి వెళ్లే చీరలో కూతురు కంచె బయట, నాకు పది అడుగుల దూరంలో నిలబడింది. నేను కోర్టు మనిషి నిలబడే చోటు వదిలి ఒక అడుగు పక్కన, రాకెట్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఊ అనడం మరిచిపోతానేమోనని పెదవులు తడుపుకున్నాను. మాస్టారు గీత దగ్గరికి వచ్చి, బంతిని రెండుసార్లు నేలకు కొట్టి, నోరు తెరవబోయారు. ఆగిపోయారు. మొహంలో ఒక వెలుగు వచ్చి పోయింది. అప్పుడు "తీసుకో" అన్నారు, వెంటనే కొట్టారు. నాకు నోరు తెరిచే వ్యవధే లేదు. బంతి నా ఎడమ పక్క నుంచి దూసుకుపోయింది.

కంచె వెనక కూతురు ఊపిరి వదిలింది. గేటు తీసుకుని లోపలికొచ్చింది.

"మంచిగనే ఆడుతున్నరు గదా ఇద్దరూ," అంది. తరవాత నవ్వుతూ, "కానీ అంకుల్, నాన్న పిలవకముందే ఊ అన్నరేంది మీరు? గంత తొందరైతే ఎట్ల?"

నా పక్కన మట్టి మీద ఏ గుర్తూ లేదు. నెట్ అవతల మాస్టారు నా వైపే చూస్తున్నారు. నేను ఏమంటానో దాని మీదే ఆయన రేపటి పొద్దు ఉంది.

"అలవాటు లేదమ్మా," అన్నాను. "తొందరపడ్డ."

"రోజూ వస్తరా మరి? మీరు వస్తనంటే నాన్ననిక్కడే ఉంచుత."

వస్తానన్నాను. మాస్టారు బతికిన ఇంకో రెండేళ్లూ వెళ్లాను. జ్వరమొచ్చిన తొమ్మిది రోజులు మాత్రం తప్పింది. రోజూ ఒక అడుగు పక్కకే నిలబడ్డాను. ఒక్కసారి కూడా నేను ఊ అనాల్సిన అవసరం రాలేదు.