గూడబాతుకి పక్క చెరువు చేపలు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే నాకు తల పండిపోయిందనుకుంటారేమో, లేదండీ, ఇంకా నల్లగానే ఉంది (రంగేనని మా ఆవిడ అంటుంది, నమ్మకండి). కానీ డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం చేతికి రాని ఆ ఒక్క ఏడాదినీ తలుచుకుంటే మాత్రం నాకు ఎప్పుడూ 'ఆ రోజుల్లో' అనే అనిపిస్తుంది. వట్లూరులో బీకాం పూర్తిచేసి, ఏలూరులో మా ఇంటి వరండాలో ఫోను చూసుకుంటూ కూర్చునే నన్ను చూస్తే మా అమ్మకి ఒళ్ళు మండేది. ఓ రోజు వాళ్ళ తమ్ముడికి ఫోన్ చేసి, "వీణ్ణి కొన్నాళ్ళు తీసుకెళ్ళరా, ఏదో ఒక పని చెప్పు" అంది. మావయ్య మర్నాడే బండేసుకుని వచ్చి నన్ను గణపవరం అవతల వాళ్ళూరు పట్టుకుపోయాడు. అక్కడ ఆయనకి చేపపిల్లల చెరువుంది. పిల్లల్ని అరచెయ్యంత అయ్యేదాకా పెంచి, పెద్ద చెరువుల వాళ్ళకి అమ్ముతాడు. నాకు ఆయన ఇచ్చిన ఉద్యోగం, కొంగల్ని తోలడం.

నవ్వకండి, ఉద్యోగం అంటే ఉద్యోగమే. తెల్లారేసరికి గట్టు మీదుండాలి. చేతిలో ఖాళీ నూనె డబ్బా, కర్ర, జేబులో తాటాకు టపాకాయలు, అగ్గిపెట్టె. కొల్లేరు పక్కనే కాబట్టి మాకు పక్షులకేం కొదవ లేదు. నీటికాకులొస్తాయి, రకరకాల కొంగలొస్తాయి, కానీ మావయ్య పళ్ళు నూరేది మాత్రం గూడబాతు మీదే. దాని ముక్కు కింద ఓ సంచి వేలాడుతూ ఉంటుంది. అచ్చం పూర్వం చేలకి నీళ్ళు తోడిన గూడలాగే. ఒక్కసారి ముక్కు ముంచితే ఎన్ని చేపపిల్లలు అందులోకి వెళ్ళిపోతాయో ఆ పైవాడికే తెలియాలి. అలాంటివి గుంపుగా దిగితే ఆ పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకని నేను గట్టు పొడుగునా డబ్బా వాయిస్తూ తిరిగేవాణ్ణి. దారిన పోయేవాళ్ళు బండి ఆపి మరీ, "ఏవండీ డిగ్రీగారూ, ఇవాళ ఎన్ని కొంగల్ని పాస్ చేశారండీ?" అని అడిగేవారు. మా గోదావరి వాళ్ళు ఎంత మర్యాదగా పలకరిస్తే అంత ఎటకారం ఉన్నట్టు లెక్క. నేను లోపల కుమిలిపోతూ ఇంకా గట్టిగా డబ్బా కొట్టేవాణ్ణి.

చలికాలంలో ఓ పొద్దున్న మావయ్యా నేనూ బండి మీద చెరువుకి వెళ్తున్నాం. మంచు ఇంకా విడలేదు. రోడ్డు మలుపులో సిమెంటు బస్తా ఒకటి పడి ఉంది. ఏ లారీలోంచో జారిపడిందనుకున్నాం. దగ్గరికెళ్ళేసరికి ఆ బస్తా మెడ ఎత్తి మా వంక చూసింది. గూడబాతు! చేపల లోడు లారీ ఏదో కొట్టేసి వెళ్ళిపోయినట్టుంది. ఒక రెక్క రోడ్డు మీద ఈడుస్తోంది, దాని కింద నెత్తురు. మావయ్య బండి ఆపలేదు. "పోన్లే, ఒక శత్రువు తగ్గాడు" అన్నాడు. అని కొంచెం స్పీడు తగ్గించాడు. ఇంకొంచెం తగ్గించాడు. కాలవ వంతెన దాటాక ఆపేశాడు.

"ఏంటి మావయ్యా, పెట్రోలైపోయిందా?" అన్నాను.

"నోర్ముయ్యరా. ఇంకో లారీ వస్తే ఎట్టా?" అని బండి వెనక్కి తిప్పాడు.

ఆ తరవాత జరిగింది చెప్పుకోవాలంటే నాకిప్పటికీ సిగ్గే. మావయ్య తువ్వాలు దాని మీద కప్పి, "పట్టుకో, పట్టుకో" అనడమేగానీ ఎక్కడ పట్టుకోవాలో చెప్పడు. అది మూరెడు ముక్కుతో నా చొక్కా జేబు పట్టుకుంది. నేను దాన్ని పట్టుకునే లోపలే అది నన్ను పట్టుకుంది. చివరికి తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. అది నా చేతుల్లో వణుకుతోంది, దాని గుండె కొట్టుకోవడం నా కడుపుకి తెలుస్తోంది. అప్పటిదాకా పొద్దస్తమానం నేను బెదరగొట్టేది ఇలాంటి గుండెల్నేనా అనిపించి మనసంతా అదోలా అయిపోయింది. అదేమో నా మనసు సంగతి పట్టించుకోకుండా మావయ్య భుజం మీద ముక్కు ఆనించి రోడ్డు చూసుకుంటూ కూర్చుంది. గణపవరంలో టీకొట్టు ముందు ఒకాయన, "ఏవండీ, వెనకాల ఇద్దర్ని ఎక్కించుకున్నారేంటండీ?" అని కేకేశాడు.

పశువుల డాక్టరుగారు దాన్ని చూసి, "నేను గేదెల డాక్టర్నండీ బాబూ" అంటూనే శ్రద్ధగా రెక్క కడిగి, ఒంటికి ఆనించి కట్టు కట్టారు. ఫారెస్టు వాళ్ళకి ఆయనే ఫోన్ చేశారు. వాళ్ళు మధ్యాహ్నం వచ్చి చూసి, ఈ స్థితిలో అటూ ఇటూ కదిపితే బెదిరి చచ్చిపోతుందని, డాక్టరుగారు చూస్తున్నారు కాబట్టి కట్టు విప్పేదాకా చెరువు దగ్గరే ఉంచమని, జనానికి మాత్రం చూపించొద్దని చెప్పి వెళ్ళారు. మావయ్య డాక్టరుగార్ని పక్కకి పిలిచి, "బతుకుతుందాండీ?" అని అడిగాడు. "రెక్క కీలు సరిగ్గా కుదురుకుంటే ఎగురుతుందండీ. ఎగరకపోతే మాత్రం, గూడబాతుకి అది బతుకే కాదండీ" అన్నారాయన.

గట్టు మీద రేకుల షెడ్డు వెనక పాత వలలు కట్టి దానికో గది చేశాం. మొదటి రోజు అది చేప ముట్టలేదు, మావయ్య అన్నం ముట్టలేదు. రెండోనాడు అది ముక్కు తెరిచింది. అత్త ఇంటి దగ్గర్నుంచి వచ్చి చూసి, "కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు, వేళకి పెట్టాలి, పెట్టేది నచ్చకపోతే మొహం తిప్పుకుంటాడు. అల్లుడుగారే!" అంది. ఆ రోజు నుంచి దాని పేరు అల్లుడే. మేనల్లుణ్ణి నేనొకణ్ణి ఉన్నానన్న సంగతి అందరూ మరిచిపోయారు. నాకు క్యారేజీలో గోంగూర పచ్చడి, ఆయనగారికి తాజా చేపలు. పైగా షెడ్డు దగ్గర టపాకాయలు కాల్చకూడదు, పేషెంటు ఉలిక్కిపడతాడట. డబ్బా కూడా మెల్లిగా కొట్టాలట. మెల్లిగా డబ్బా కొడితే ఏ కొంగ లేస్తుందండీ? తాళం వేస్తున్నాననుకుని ఇంకాస్త దగ్గరికొచ్చేవి.

అసలు ముచ్చట ఇంకా చెప్పలేదు. చెరువు నిండా చేపపిల్లలుండగా మావయ్య అల్లుడికి వాటిలో ఒక్కటి కూడా వెయ్యనిచ్చేవాడు కాదు. పిసినారితనం అనుకుంటారేమో, కాదు. "మన చేప రుచి మరిగిందంటే రేపు రెక్క బాగవ్వగానే చుట్టాలందర్నీ వెంటేసుకుని ఇక్కడికే దిగుద్ది. పక్క చెరువు చేప పెట్టామనుకో, అటే పోద్ది" అన్నాడు. నేను బీకాం చదివినా ఇంత ముందుచూపు నాకెక్కడ ఏడిసింది! అలా రోజూ పొద్దున్నే నేను సంచి పుచ్చుకుని పక్క చెరువు బాబాయి దగ్గర చిన్న చేపలు కొనుక్కొచ్చేవాణ్ణి. ఎందుకని అడిగితే ఇంట్లోకని చెప్పమన్నాడు మావయ్య. బాబాయి నన్ను ఎగాదిగా చూసి, "చెరువు పెట్టుకుని చేపలు కొనుక్కోడమేంటిరా అబ్బాయ్?" అనేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆ నవ్వే కొంప ముంచింది.

చేపపిల్లలు అమ్మకానికి వచ్చే వేళకి ఏలూరు నుంచి భాయ్‌గారు వచ్చారు. మా వైపు చెరువుల్లో చేపపిల్లలు కొనే పెద్ద వ్యాపారి, తండ్రి నాటి నుంచీ అదే పని, మాట వెన్నలా ఉంటుంది. గట్టంతా తిరిగి చూసి, నీళ్ళు చూసి, వలలో నాలుగు పిల్లల్ని తీయించి చూసి కూడా బేరం దగ్గరికి రాకుండా గొంతు సవరించుకున్నారు.

"ఏమీ అనుకోకండి. మీరే తినని చేపని నేనెలా తీసుకెళ్ళేదండీ?"

"తినట్లేదని ఎవరన్నారండీ?" అన్నాడు మావయ్య.

"గణపవరమంతా అంటున్నారండీ. మీ చెరువుకేదో రోగం తగిలిందంట, ఇంట్లోకి రోజూ పక్క చెరువు నుంచి తెచ్చుకుంటున్నారంట. నేను నమ్మలేదనుకోండి. కానీ నా దగ్గర కొనేవాళ్ళు అడుగుతారు కదండీ."

మావయ్య నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను. భాయ్‌గారు ఇప్పుడు వెనక్కి వెళ్ళిపోతే ఈ చుట్టుపక్కల ఆ పిల్లల్ని ముట్టేవాడే ఉండడు, ఏడాది కష్టం నీళ్ళపాలు. ఇక దాచి లాభం లేదని మావయ్య ఆయన్ని షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి వల ఎత్తాడు. చేపపిల్లలు పెంచే మనిషి ఇంట్లో కట్టు కట్టుకుని కూర్చున్న గూడబాతు! పోలీసు ఇంట్లో దొంగ చుట్టంగా దిగినట్టే కదా. భాయ్‌గారు పగలబడి నవ్వుతారని నేను తల దించుకున్నాను. ఆయన నవ్వలేదు. గొంతుక్కూర్చుని, "అయ్యో పాపం, ఎక్కడ తగిలిందండీ దీనికి?" అన్నారు. మావయ్య మొత్తం కథ చెప్పాడు, పక్క చెరువు చేపల సిద్ధాంతంతో సహా. అప్పుడు మాత్రం ఆయన మీసం కొంచెం కదిలింది.

"అయితే ఒక పని చేద్దామండీ. మీ చెరువులో పిల్లని ఒకటి దానికి వెయ్యండి. మనుషులైతే మొహమాటానికి తింటారు. పక్షికి మొహమాటం ఉండదు కదండీ. అది తింటే నేను తీసుకెళ్తాను."

"వద్దు భాయ్‌గారూ! కావాలంటే నేనే పచ్చిది నమిలేస్తాను" అన్నాడు మావయ్య, నిజంగా ఏడుపు గొంతుతో.

భాయ్‌గారు ఒప్పుకోలేదు. వేరే దారి లేక మావయ్య తన చేత్తోనే ఒక పిల్లని తీసి విసిరాడు. అల్లుడు పట్టుకున్నాడు. పట్టుకుని, సంచిలో అటోసారి ఇటోసారి ఆడించి, ఏదో ఆలోచిస్తున్నవాడిలా ఆగిపోయాడు. ఉమ్మేశాడా, మావయ్య అయిపోయినట్టే. ఒక్కసారి ముక్కు పైకెత్తి గుటుక్కున మింగి, మళ్ళీ ఇంతేసి నోరు తెరిచాడు. "ఇంకోటి వెయ్యండి, మొదటిది పొరపాటున మింగాడేమో" అన్నారు భాయ్‌గారు. రెండోది కూడా మింగాడు. మూడోది అడక్కుండానే నేను వేశాను, మావయ్య నా చెయ్యి పట్టుకోబోయాడుగానీ అప్పటికే ఆలస్యమైపోయింది. బేరం కుదిరింది. మావయ్య మాత్రం భాయ్‌గారు వెళ్ళిపోయాక కూడా దిగాలుగా, "రుచి చూసేశాడురా" అంటూనే ఉన్నాడు.

డాక్టరుగారు కట్టు విప్పిన రోజున మరో పిడుగులాంటి మాట చెప్పారు. గూడబాతు గట్టు మీంచి లేవలేదట. బరువైన పక్షి కదా, నీళ్ళ మీద పరుగెత్తితేనే లేస్తుందట. అంటే దాన్ని చెరువులో వదలాలి. భాయ్‌గారి మనుషులు వచ్చి పట్టుకెళ్ళడానికి ఇంకా టైముంది, చెరువులో పిల్లలన్నీ ఉన్నాయి. నిన్నమొన్నటిదాకా ఏ పక్షి దిగకుండా నాకు జీతమిచ్చాడో, ఆ చెరువులోకే మావయ్య ఆ పక్షిని గుండెలకి హత్తుకుని మోకాలి లోతు దిగి, మెల్లిగా వదిలాడు. అల్లుడు కాస్త దూరం ఈదాడు. ముక్కు ముంచాడు. "తినేశాడ్రా!" అన్నాడు మావయ్య. తరవాత రెక్కలు విప్పి, నీళ్ళు చిమ్ముకుంటూ పరుగెత్తి, ఒక పక్కకి ఒరిగి దబ్బున పడ్డాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండోసారి పరుగెత్తాడు. చెరువు ఆ చివరికి, గట్టు తగులుతుందా అన్నంత దాకా వెళ్ళి, లేచాడు. లేచి, మా నెత్తి మీదుగా ఓ చుట్టు తిరిగి కొల్లేరు వైపు వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోడానికి డబ్బా కొట్టాను. మావయ్య తిట్టలేదు.

ఆ తరవాత కొత్త పిల్లల్ని వేశాం. మళ్ళీ నా డబ్బా, నా టపాకాయలు. ఓ పొద్దున్న గూడబాతుల గుంపు దిగింది. నేను అగ్గిపుల్ల గీశాను.

"ఆగరా! అందులో మనోడున్నాడేమో" అన్నాడు మావయ్య.

"ఎలా తెలుస్తుంది మావయ్యా?"

"తెలీదు కాబట్టే ఆగమన్నాను."

ఎంతసేపు చూసినా అన్నీ ఒకటే మొహం, ఒకటే ముక్కు. మావయ్య గట్టు చివర నిలబడి, "అల్లుడూ!" అని గట్టిగా పిలిచాడు. ఆ పిలుపుకి తల తిప్పింది నేనొక్కణ్ణే. అవన్నీ హాయిగా తిని లేచిపోయాయి. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. చివరికి మావయ్య చేపపిల్లల వ్యాపారమే మానుకుని, గూడబాతు నోట పట్టని పెద్ద చేపలు పెంచడం మొదలుపెట్టాడు. దాంతో తోలాల్సిన పక్షీ లేదు, తోలేవాడి అవసరమూ లేదు. ఒక గూడబాతు మీద జాలి పుట్టి ఉద్యోగం ఊడినవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఎరువుల కంపెనీలో పనిచేస్తున్నాను, కుర్చీ, ఫ్యాను, నెల జీతం. అప్పుడప్పుడు ఊళ్ళు కూడా తిరిగే పని కాబట్టి కారు డిక్కీలో ఎప్పుడూ ఓ పాత తువ్వాలు, ఓ అట్టపెట్టె ఉంటాయి. మొన్న నల్లజర్ల రోడ్డులో కాలు విరిగిన ముంగిసని ఎక్కించుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే, పక్క సీట్లో మా ఆవిడ, "పెళ్ళిచూపుల్లో ఈ సంగతి చెప్పలేదేవండీ మీరు" అంది. ఏటా చలి మొదలవగానే మావయ్య ఫోను వస్తుంది. ఈ ఏడూ వచ్చింది.

"ఒరేయ్, అల్లుడొచ్చాడురా."

"ఎలా గుర్తుపట్టావు మావయ్యా?"

"గుర్తుపట్టలేదురా. వచ్చినోళ్ళందర్నీ నువ్వేనా అని అడిగాను. ఒక్కడూ కాదనలేదు."

ఫోన్ పెట్టేసి చాలాసేపు నవ్వుకున్నాను. జేబు నిండా టపాకాయలతో, తన డిగ్రీకి జరిగిన అవమానానికి కుమిలిపోతూ గట్టు మీద నిలబడ్డ ఆ కుర్రాడు ఇప్పుడెక్కడైనా ఎదురుపడితే, ఇంత మంచి ఉద్యోగం నీకు మళ్ళీ దొరకదురా, డబ్బా కాస్త మెల్లిగా కొట్టుకో అని చెప్పాలనుంది.