అనిక భుజాన గాలి మీటరు

బాతెల్ ఊళ్లో ఫ్రీవేని ఆనుకున్న అపార్ట్‌మెంట్లలో అద్దె కాస్త తక్కువ. ఎందుకు తక్కువో అక్కడి పిల్లల దగ్గు చెబుతుంది. వసుమతి కూతురు అనికకి ఉబ్బసం. రెండో తరగతి పిల్ల, ఇన్‌హేలర్ లేనిదే మెట్లెక్కలేదు. ఇది ట్రక్కుల పొగ వల్లా, తన ఇంటి గాలి వల్లా? వసుమతిని తినేస్తున్న ప్రశ్న అదే.

అందుకే, సన్నటి ధూళిని కొలుస్తామని యూనివర్సిటీ వాళ్లు వస్తే వెంటనే ఒప్పుకుంది. కంటికి ఆనని ఆ ధూళి ఊపిరితిత్తుల అడుగుకి పోయి రక్తంలో కలుస్తుంది. వారం పాటు అనిక భుజానికి చిన్న మీటరు తగిలించాలి. రోజూ గొట్టంలోకి ఊదించి ఊపిరి బలం చూడాలి. రెండూ పక్కపక్కన పెడితే ఏ గాలికి పిల్ల ఎలా ఉంటోందో తెలుస్తుంది.

అయితే పోపు వేసేముందు వసుమతి ఆ మీటరు తీసి దేవుడి అల్మరాలో పెట్టేది.

భర్త దివాకర్ నవ్వాడు. "మెషీన్‌కి కూడా మడి కట్టావా ఏంటి?"

"మిరపకాయల ఘాటు అందులో ఎక్కిందనుకో, ట్రక్కుల్ని వదిలేసి మన వంట మీద పడతారు. కర్రీ స్మెల్ అని లీజింగ్ ఆఫీస్ వాళ్లు నోటీస్ పెట్టలేదూ?"

ఆమె భయం ఊరికే పుట్టలేదు. మన వంటింటి దగ్గర ముక్కు మూసుకునేవాళ్లే, ఫ్రీవే పక్కన నోరు మూసుకుంటారు.

వారం తర్వాత కృతి వచ్చింది. ఆ స్టడీలో పనిచేసే, ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయి. లాప్‌టాప్‌లో మీటరు రీడింగుల గీత ప్రతి సాయంత్రం నిటారుగా లేచింది.

"ఆంటీ, ఈవెనింగ్స్ చాలా హై ఉంది. హౌస్ లోపలే. ఏం బర్న్ చేస్తారు?"

"అదేంటి, పోపప్పుడు తీసేశానే!" అనేసి వసుమతి నాలుక కరుచుకుంది.

"తీసి ఎక్కడ పెట్టారు?"

వసుమతి అల్మరా తెరిచింది. లోపల అగరుబత్తి పొగ సుడులు తిరుగుతోంది.

"ఓ మై గాడ్, మీటర్ పూజ చేసిందా!" అంది కృతి. ఎవరికీ నవ్వు రాలేదు. "ఇది అనిక పీల్చిన ఎయిర్ కాదు ఆంటీ. ఈ వీక్ డేటా అంతా తీసెయ్యాలి. మళ్లీ చేద్దాం, కుకింగ్‌తో సహా."

ఈసారి మీటరు అనిక భుజం దిగలేదు. కృతి తెచ్చిన కొత్త గీతల్లో పోపు శిఖరంలా ఉంది. ఆ సాయంత్రాలు పిల్ల ఊపిరి బలం తగ్గింది. పొయ్యి మీది ఫ్యాన్ పొగని బయటికి పంపదు, తిప్పి ఇంట్లోకే ఊదుతుంది. కిటికీ తెరిచి వండిన రోజుల్లో శిఖరం తగ్గింది కానీ, ఫ్రీవే ధూళి వచ్చి తెల్లారేదాకా కూర్చుంది. ఆ మర్నాడు ఊపిరి ఇంకా తగ్గింది.

"పోపు గీతా, కిటికీ తెరిచిన రోజుల గీతా రెండూ ప్రింట్ తీసివ్వు కృతీ. సిటీ కౌన్సిల్ మీటింగ్‌లో పెడతాను," అంది వసుమతి.

"పోపుది కూడానా? నవ్వుతారే!" అన్నాడు దివాకర్.

"నవ్వనీ. పొయ్యి సంగతి నేను చూసుకుంటా. ఆ రోడ్డు సంగతి ఎవరు చూస్తారో చెప్పమను."

లోపలి గదిలో అనికకి దగ్గుతెర మొదలైంది. ఇన్‌హేలర్ పట్టుకుని వసుమతి పరుగెత్తింది. దివాకర్ కిటికీ దగ్గరికి వెళ్లాడు. తెరవాలో మూయాలో తెలియక, గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు.