లెఫ్ట్ రియర్ టైరు మీద నా రిపోర్టు

2010లో ఒక టైర్ల కంపెనీ నన్ను సర్వీస్ ఇంజనీరుగా మెదక్‌లో వేసింది. పగిలిన టైరు డీలరు దగ్గరికి తిరిగొస్తే తప్పు తయారీదా, వాడకానిదా, బిగించిన మనిషిదా అని తేల్చి క్లెయిమ్ ఫారంలో రాయడం నా పని. కొత్త సైజులు సూచించి ఫిట్‌మెంట్ స్లిప్ మీద సంతకం పెట్టడమూ నాదే.

ఆ ఏడాదే ఓ కాంట్రాక్టరు హైదరాబాద్ నుంచి సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు తెచ్చాడు. తెలంగాణ ఉద్యమ ర్యాలీల్లో అందరికంటే ముందు దాన్ని నడపాలని ఆయన సరదా. "చక్రాలు బయటికి కనవడాలె సార్, మస్తుగుండాలె" అన్నాడు. కంపెనీ సైజుల చార్టు చూశాను. పదిహేడు అంగుళాల అల్లాయ్ చక్రం, వెడల్పు టైరు, ఆఫ్‌సెట్ నలభై అయిదుకు బదులు ఇరవై అయిదు. ఆఫ్‌సెట్ తగ్గినకొద్దీ చక్రం బయటికి, దానిమీది రేకు అంటే ఫెండర్ అంచువైపు జరుగుతుంది. టైరు మోయగల బరువు చార్టు ప్రకారం సరిపోయింది. సంతకం పెట్టేశాను.

డీలరు దగ్గర యాదగిరి అని పాత ఫిట్టరు ఉండేవాడు. బిగించేముందు ఒక్కటే అడిగాడు.

"సార్, ర్యాలీల డిక్కీ మీద గూడ మనుషులు కూసుంటరు. నలుగుర్ని కూసోవెట్టి ఒక్కపారి చూద్దాం. ఎన్క బండి దిగితే రేకు తాకుతది."

చార్టు నాకు నువ్వు నేర్పుతావా అని కసిరాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నా గురించే. అతను స్లిప్పులో రాసినట్టే బిగించాడు.

నెల తిరక్కుండా శంకరంపేట దారిలో, ఆరుగురు ఎక్కిన ఆ కారు ఎడమ వెనక టైరు పేలి కాలువలోకి దిగింది. కాంట్రాక్టరు బావమరిదికి కాలు విరిగింది. టైరు నా ముందుకొచ్చింది. చూడ్డం రెండు నిమిషాల పని. బయటి అంచు చుట్టూ ఫెండర్ రేకు కోసిన గీత ఒకే వరసలో ఉంది. బోల్టులు వదులై ఉంటే రిమ్ము రంధ్రాలు సాగేవి. అవి గుండ్రంగానే ఉన్నాయి. తప్పు సైజుది, అంటే నాది.

మా ఏరియా మేనేజరు ఫోన్ చేసి, ప్రమోషన్ లిస్టులో నా పేరుందని గుర్తుచేశాడు. బిగింపు లోపమని రాస్తే అందరికీ మంచిదన్నాడు. ఆ అందరిలో యాదగిరి లేడని ఇద్దరికీ తెలుసు. రాశాను. థూ, ఆ చేత్తోనే ఇప్పటికీ అన్నం తింటున్నాను. వారంలో డీలరు అతన్ని పనిలోంచి తీసేశాడు. నాకు ప్రమోషన్ వచ్చింది.

రిటైరయ్యాక మెదక్‌లోనే ఉండిపోయాను. యాదగిరికి హవేలిఘనపూర్ దారిలో పంక్చర్ షాపు ఉంది. కిందటేడు గాలి కోసం అక్కడ ఆగక తప్పలేదు. నన్ను చూసి, గొట్టం పట్టుకుని నిలబడ్డాడు.

"ఎంత పెట్టమంటరు సార్? మీరే చెప్పుండ్రి. మల్ల బిగిచ్చినోని మీదికి రావద్దు గద."

ముప్పై రెండు అని చెప్పాను. అంతే పెట్టాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. చార్టులో బండి బరువు ఉంటుంది, డిక్కీ మీద ఎక్కేవాళ్లు ఉండరు. అది బిగించేవాడికి తెలుస్తుంది, అడగాలి. సైజు రాసిన ఇంజనీరు చేతికే పగిలిన టైరును పరీక్షకు ఇవ్వకూడదు.