భీమవ్వ నెత్తుట్లో ఛాట్

బోధన్‌లో భీమవ్వ బీడీలు చుట్టడం మొదలుపెట్టేనాటికి ఆమెకు ఇంకా జడ వేసుకోవడం కూడా సరిగ్గా రాదు. అప్పటినుంచి ఛాట్ పడని రోజంటూ లేదు. ఛాట్ అంటే, కార్ఖానాలో గుమాస్తా కట్టను వెలుతురుకు ఎత్తి చూసి "ఇది సన్నం, ఇది వంకర" అని పక్కకు తీసేసే బీడీలు. తీసేసినవి పారేస్తాడనుకునేరు. అవి అతని దగ్గరే ఉంటాయి, కూలి మాత్రం ఉండదు. భీమవ్వ దీనిమీద ఎన్నడూ గొడవ పడలేదు. ఎండ ఎందుకు కాస్తోందని ఎవరితో గొడవ పడతాం?

చిన్నప్పటి కీళ్లజ్వరం ఆమె గుండె కవాటాన్ని పాడుచేసింది. ఒకసారి కోసి బాగుచేశారు, మళ్లీ పాడైంది. నిజామాబాద్ డాక్టరు ఆమె కొడుకు మధుకర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాడు. రెండోసారి కోస్తే నెత్తురు ఓ పట్టాన ఆగదు, ఆగకపోతే మనిషి దక్కదు. అందుకని ఆమె నెత్తుటిలోంచే గడ్డకట్టించే భాగాన్ని ముందుగా తీసి దాచి, ఆపరేషన్ చివర్లో ఆమెకే ఎక్కిస్తారు. కొంత జిగురులా చేసి కుట్ల మీద పూస్తారు. మధుకర్ బుర్ర ఊపాడు. తల్లి దగ్గరికొచ్చేసరికి భయపడి అంతా మింగేసి, "గిదేదో టెస్టట అవ్వా" అన్నాడు. అక్కడే కొంప మునిగింది.

ఆపరేషన్‌కు ముందురోజు టెక్నీషియన్ స్నేహలత మిషను పెట్టింది. నెత్తురు ఒక గొట్టంలోంచి పోయి, ఎర్రది ఇంకో గొట్టంలోంచి వెనక్కొచ్చింది. పసుప్పచ్చటిది మాత్రం సంచిలో ఉండిపోయింది. స్నేహలత ఆ సంచిని వెలుతురుకు ఎత్తి చూసి పక్కన పెట్టింది. ఆ ఎత్తి చూడటం భీమవ్వకు బాగా తెలుసు.

"ఛాట్ తీసినవా బిడ్డా?"

"ఏం తీసినన్నవ్ అవ్వా?"

"నెత్తుర్ల గూడ ఛాట్ ఉంటదని నాకు తెల్వదు. ఇంత ఖరాబున్నంక కోసి ఏం ఫాయిదా? మధుకర్, నా చెప్పులు తే. ఇంటికి పోదాం."

మధుకర్ బతిమాలాడు. ఆమె మంచం దిగింది. కొడుకు మింగేసిన మాటలన్నీ అప్పుడు స్నేహలతే చెప్పాల్సి వచ్చింది.

"ఖరాబుది కాదవ్వా. రేపు నీ గుండెకాడ నెత్తురు ఆపేది గిదే. మొత్తం నీకే ఇస్తం."

"అందరు గట్లనే అంటరు." భీమవ్వ కొంగుముడి విప్పి బీడీకట్టల దారం తీసింది. "నా ముడి వెయ్యనియ్యి. నాది నాకే వచ్చిందో లేదో ఎర్కైతది."

సంచి మెడకు బీడీల దారం కట్టొచ్చని ఆసుపత్రి రూల్సులో ఎక్కడా లేదు. అయినా స్నేహలత సంచిని ఆమె ముందుకు పట్టింది. భీమవ్వ ముడి వేసి, మంచమెక్కి పడుకుంది.

డాక్టరు భయపడ్డట్టే కుట్ల దగ్గర నెత్తురు ఊరింది. సంచిలోది ఎక్కించారు, జిగురు పూశారు. ఆగింది.

గొంతులోంచి గొట్టం తీయగానే భీమవ్వ అడిగిన మొదటి మాట, "ఛాట్ ఎంత?"

స్నేహలత దాచిపెట్టిన ఖాళీ సంచి చూపించింది. ముడి వేసింది వేసినట్టే ఉంది. "చుక్క గూడ పోలేదవ్వా."

భీమవ్వ ముడిని వేలితో తడిమి చూసుకుంది. కళ్లవెంట నీళ్లు కారిపోయాయి. నొప్పా అని స్నేహలత కంగారుపడింది.

"నొప్పి గాదు బిడ్డా. ఇన్నేండ్లల్ల నేనిచ్చింది ఏరకుండ తీసుకున్నది నా గుండె ఒక్కటే."

కాసేపయ్యాక దారం విప్పి ఇమ్మంది. ఇంకో కట్టకు పనికొస్తుందట.