సముద్రానికి నేను కట్టిన మూట

మా మామ నన్ను నంద్యాల స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి, నేను కూర్చోవలసిన చోట ఓబులేసును కూర్చోబెట్టుకొని రామేశ్వరం పోయినాడు. ఇది అన్యాయం. ఆ పొద్దూ అన్యాయమే, ఇన్నేండ్లయినాక ఈ పొద్దూ అన్యాయమే. దానికి ముందు జరిగిన ఘోరం చెబితే మీరంతా మామ పక్కకే దూకుతారని నాకు తెలుసు. దూకండి. ముందూ వెనకా చూడకుండా దూకితే మనిషికి ఏమవుతుందో నాకన్నా బాగా తెలిసినవాడు ఆళ్లగడ్డ చుట్టుపక్కల లేడు.

కర్నూలు రాజధానిగా ఉండిన రోజులవి. నాకు ఇరవై ఏండ్లుంటాయి. మాది ఆళ్లగడ్డ. మా మేనమామ సుబ్బయ్యకు నంద్యాలలో పత్తి మండీ ఉండేది. పత్తి కొనేదానికి వచ్చిన మద్రాసు సేటు ఒకాయన మండీలో కూర్చొని, రామేశ్వరం కాడ పడవెక్కితే నీళ్ల కింద పగడాల తోటలు చూడొచ్చని, వాటి నడుమ చిలకల రంగుల చేపలు తిరుగుతాయని చెప్పిపోయినాడు. మామకు ఆశ పుట్టింది. అత్తకు దేవుడు, మామకు పగడాలు, ఒక్క ప్రయాణంలో ఇద్దరి పనీ అయిపోతుంది. పెట్టెలు మోసేదానికి, కూజా నింపుకొచ్చేదానికి వయసులో ఉన్నవాడు ఒకడు కావాల. ఒక్కడే. మేనల్లుళ్లం ఇద్దరముంటిమి, నేనూ, మా చిన్నమ్మ కొడుకు ఓబులేసూ.

మా వీధిలో సముద్రం చూసినవాడు ఒక్కడూ లేడు. మాకు నీళ్లంటే బావి నీళ్లే. అవి కూడా ఎండాకాలంలో తొంగి చూస్తే మన మొగం మనకు కనబడనంత కిందికి పోయేవి. అట్లాంటి సీమలో పుట్టినవానికి, అవతలి గట్టు కనబడనన్ని నీళ్లు ఒకచోట ఉన్నాయని చెబితే వానికి నిద్ర పడుతుందా? నాకు పట్టలేదు. నేను ఆ నీళ్లు చూడాల, అంతే. దానికి ఓబులేసును తప్పించాల.

ఓబులేసుకు కండ ఉండె. నాకు చదువుండె. బడి చదువు నాలుగో తరగతిలోనే ముగిసింది. తక్కిందంతా నంద్యాల రీడింగు రూములో, మంగలి అంగట్లో, చిరిగిన పత్రికల్లో నేనే సొంతంగా సంపాదించుకున్నది. అట్లా సంపాదించిన చదువుకు మొదలూ చివరా ఉండవు, నడిమి పుటలే ఉంటాయి. ఒక నడిమి పుటలో దొర బొమ్మ ఒకటి చూసి ఉన్నాను. కండ్లకు అద్దాలు, నోట్లో గొట్టం, చుట్టూ చేపలు. కింద ఏందో ఇంగ్లీషులో రాసి ఉండె. చదవలేకపోయినా, బొమ్మే అంతా చెబుతాంది గదా అనుకున్నా. దొర కాళ్లకు బాతు పాదాల వంటివి కూడా ఉండె. అవి ఆయన పుట్టుకే అట్లా ఉందేమోనని వదిలిపెట్టినా.

మామతో చెప్పినాను. పగడాలు ఊరికే కనబడవనీ, నీళ్లలోకి దిగాలనీ, దిగేదానికి సామాను కావాలనీ, అది ఎట్లా కట్టాలో ఈ జిల్లాలో నాకొక్కనికే తెలుసుననీ. మామ వక్కాకు నములుతా అంతా విన్నాడు. సామాను తయారు చేసి బావిలో చూపించమన్నాడు, బాగుంటే నన్నే పిలుచుకొని పోతానన్నాడు. ఓబులేసు పక్కనే నిలబడి తువ్వాలతో చెమట తుడుచుకుంటా ఉండె. నీ సామానేమిరా అని మామ అడిగితే ఆ తువ్వాలే చూపించినాడు. వాని మీద నాకు జాలి కలిగింది.

గొట్టం కోసం సైకిలంగడి మస్తానన్న దగ్గరికి పోయినా. ఆయన సంగతి విని సంబరపడిపోయినాడు. పొద్దస్తమానం పంచర్లు వేసే చేతికి సముద్రం తగిలితే ఎవరు వద్దంటారు?

"గొట్టం ఎంత పొడుగుండాల?" అన్నాడు.

"సముద్రం ఎంత లోతుంటే అంత."

"ఎంత లోతుంటాదప్పా?"

"మన బావులకంటే కొంచెం ఎక్కువుంటుందన్నా."

మస్తానన్నకు అంతే చాలు. గోడకు వేలాడుతున్న పాత ట్యూబులన్నీ దించి, కోసి, ఒకదానికొకటి అతికించడం మొదలుపెట్టినాడు. సాయంత్రానికి అంగడి ముందర కొండచిలువ పడుకున్నట్లుండె. లారీ డ్రైవరు ఒకడు దుమ్ముకు పెట్టుకునే అద్దాలిచ్చినాడు. వాటి అంచుల్లోంచి నీళ్లు దూరవా అన్న అనుమానం నాకే వచ్చింది, చదువుకున్నోన్ని గదా. దానికీ మస్తానన్న దగ్గర మందుంది. "సొల్యూషన్ పూసి మొగానికి అతికించు. నేనేసిన పంచరు ఊడిందని ఇంతవరకు ఒక్కడూ రాలే" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ నిజాన్ని నేను మొగం మీద పెట్టుకున్నా.

ఇంక అసలు చిక్కు. నీళ్లలో తేలాలా, మునగాలా? మా పక్క బావిలో దిగేవానికి వీపుకు బెండ్లు కట్టందే అమ్మ ఇల్లు కదలనియ్యదు. ఎండిన బెండ్లు నాలుగు కట్టుకుంటే ఎనుములాంటోడు కూడా ఆకులా తేలుతాడు. కాబట్టి బెండ్లు తప్పనిసరి. అయితే తేలేవానికి పగడాలెట్లా కనబడతాయి? కాబట్టి మునిగేదానికి బరువు తప్పనిసరి. రెండూ కట్టుకుంటే రెండు పనులూ జరుగుతాయని తేల్చినా. దిగేటప్పుడు బరువు దింపుతుంది, ఎక్కేటప్పుడు బరువు ముడి విప్పితే బెండ్లు ఎత్తుతాయి. ఇంత చిన్న సంగతి ఆ దొరకు తట్టలేదే అని ఆశ్చర్యపోయినా.

బరువుకు మామ మండీలోంచి అయిదు వీశెల తూకపు గుండ్లు రెండు తెచ్చినా. సర్కారు ముద్ర ఉన్నవి. అడగలేదు. గొప్ప పనికి పూనుకున్నవాడు ఇనుప గుండ్ల కోసం ఒకరిని అడుగుతాడా? వీటికి తోడు బావి మోకు ఒకటి, బావిలో కడవ పడితే తీసే కొక్కేల గుత్తి ఒకటి. సముద్రంలో నేను తప్పిపోతే వెతికేదానికి. మూట కట్టేసరికి అది పెండ్లివారి సామానంత అయింది.

మా అమ్మ మూట చుట్టూ ఒకసారి తిరిగి, "చేప ఇవేమీ లేకుండానే తిరుగుతాంది గదా నాయనా" అంది.

"చేప చదువుకోలేదు లేమ్మా" అన్నా.

ప్రయాణం రేపనగా మామా అత్తా ఆళ్లగడ్డకు వచ్చినారు. మా చేని బావి గట్టున వీధి వీధంతా నిలబడింది. అద్దాలు అతికించుకున్నా. గొట్టం ఒక కొన నోట్లో, రెండో కొన గట్టు మీద ఓబులేసు చేతిలో. వీపుకు బెండ్లు, నడుముకు గుండ్లు. ఆ వేషం చూసి మామ, "వీడు నీళ్లలోకి పోతాండాడా, యుద్ధానికా?" అన్నాడు. జనం నవ్వినారు. తెలియనివాళ్లు నవ్వుతారని నాకు ముందే తెలుసు కాబట్టి గంభీరంగా దూకినా.

మునిగినా. అయితే అడుగుకు పోలేదు. బెండ్లు వీపును పైకి లాగుతాండాయి, గుండ్లు నడుమును కిందికి లాగుతాండాయి. నేను ఈ రెండింటి నడుమ, దండెం మీద ఆరేసిన తడి పంచెలా, నీళ్లలో ఒక మనిషి లోతున వేలాడినా. సరే, గాలి పీల్చుదామని గొట్టం పీల్చినా. రాలేదు. ఇంకా గట్టిగా పీల్చినా. నీళ్లు నొక్కి నొక్కి ఆ ట్యూబును అప్పచ్చిలా అంటించేసినాయి. దాంట్లోంచి గాలి కాదు గదా, చీమ కూడా దిగదు. పైన ఓబులేసు తన కొనను చెవి కాడ పెట్టుకొని, "ఏమన్నా చెప్తాండాడేమోనని ఇంటాండా" అని జనానికి చెబుతా ఉన్నాడంట.

ఇంక పైకి పోవాల. ముడి విప్పాల. చేతికి దొరికిన ముడి విప్పినా. అది బెండ్ల ముడి.

బెండ్లు నాలుగూ సుఖంగా పైకి పోయి నీళ్ల మీద తేలినాయి. నేనూ, మామ గుండ్లూ కిందికి పోయినాం. బావి అడుగున పగడాలు లేవని చెప్పేదానికి ఇప్పటికీ నేనొక్కణ్ణే సాక్షిని. బురద ఉంది. ఒకరి చెప్పు ఉంది. గట్టు మీదున్న అత్త ఆ బెండ్లను చూసి, వాడు బాగానే తేలుతాండాడనిందంట. ఓబులేసు మాత్రం కొక్కేల గుత్తి తీసి నీళ్లలోకి విసిరినాడు. అది నా గోచీకి తగులుకుంది. కడవను తోడినట్లు తోడినాడు. పైకొచ్చేటప్పుడు గుండ్ల తాడు జారి, రెండూ బురదలోకే పోయినాయి.

గట్టు మీద పడుకోబెట్టి నీళ్లు కక్కించినారు. ఇంతటితో కథ అయిపోయిందనుకోకండి. అద్దాలు ఊడలేదు. అత్త ఆముదం పోసింది, అమ్మ వేడినీళ్లు పోసింది, ఊడలేదు. చివరికి ఓబులేసు మోకాలు నా ఎదురొమ్ము మీద పెట్టి ఒక్క గుంజు గుంజినాడు. అద్దాలు వచ్చినాయి. వాటితో పాటు నా రెండు కనుబొమలూ వచ్చినాయి. మీరు నవ్వినా సరే, కనుబొమలు లేని మొగం గుడ్డులా ఉంటుంది. కోపమొచ్చినా ఎదుటివానికి తెలియదు. ఆ పొద్దు నాకు ఎంత కోపమొచ్చిందో అందుకే ఎవరికీ తెలియలేదు.

అయినా నేను ఆశ వదల్లేదు. మరుసటి రోజు మూట ఎత్తుకొని మామ వెంబడే బస్సులో నంద్యాల చేరి, స్టేషనుకు పోయినా. గొట్టం కురచ చేస్తే సరిపోతుందని దారి పొడుగునా చెబుతానే ఉన్నా. రైలు బండి వచ్చేదాకా మామ విన్నాడు. "నా తూకం రాళ్లు నీ బావిలో ఉండాయి. నిన్ను సముద్రానికి పిలుచుకొని పోతే తిరిగొచ్చేసరికి నా మండీ సముద్రంలో ఉంటాది" అని, ఓబులేసును ఎక్కించుకున్నాడు. బండి కదిలింది. కిటికీలోంచి ఓబులేసు తువ్వాల ఊపినాడు. నేను మూట మీద కూర్చొని, బండి పొగ పోయేదాకా చూసినా. అప్పటినుంచీ ఇప్పటివరకు నేను సముద్రం చూడలేదు. పోదామని ఎవరన్నా పిలిస్తే మోకాళ్ల నొప్పులంటా.

వాళ్లు తిరిగొచ్చినారు. పగడాలు చూసినామన్నారు. నేను ఒక్క ముక్క అడగలేదు. ఆరేడేండ్లు అడగలేదు, పంతం. ఆ లోపల ఆళ్లగడ్డ నడివీధిలో తూర్పు ముఖంగా నిలబడి శపథం చేసినా: ఈ నరసింహులు బతికున్నంత కాలం మొగానికి సొల్యూషన్ పూయడు, పరుల తూకపు గుండు నడుముకు కట్టడు, కింద రాసింది చదవందే పైనున్న బొమ్మను నమ్మడు, స్నానం సైతం చెంబుతోనే చేస్తాడు. ఈ శపథం ఇంతవరకు తప్పలేదు.

పంతం ఒకనాడు సడలింది. మామ ముసలితనం మీద పడి మంచానికి చేరినప్పుడు, పక్కన కూర్చొని, ఆ పొద్దు పగడాలు చూసేదానికి ఓబులేసు ఏం కట్టుకొని నీళ్లలోకి దిగినాడో నిజం చెప్పమని అడిగినా. మామ దిండు సర్దుకొని చెప్పినాడు:

"దిగేదేందిరా? పడవ అడుగున అద్దం బిగిచ్చినారు. కాళ్లు చాపుకొని, పులిహోర తింటా చూసినాం, మీ అత్త కొంగు కూడా తడవలే. ఆ సంగతి సేటు నాకు మొదటి రోజే చెప్పె. నువ్వేమో ఒక్కమాట అడక్కపోతివి. అంత చదువుకున్నోనికి నేనేం చెప్పేది లే అనుకుంటి."