మా అత్త కిక్కు కొట్టిన రోజు

పెళ్లయిన కొత్తలో మేం నర్సీపట్నంలో ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. మా ఆయన పాత బైకు మీద సముద్రం ఒడ్డు నుంచి చేపలు తెచ్చేవాడు, అత్త వాటిని బజార్లో అమ్మేది. ఒకరోజు ఎత్తు ఎక్కలేక బండి ఆగిపోయింది. నెట్టుకొస్తుంటే ఆయన కాలు మడతపడింది. మెకానిక్ చూసి, ఇంజను మొత్తం విప్పాలన్నాడు.

మా నాన్న పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. విప్పే ముందు కంప్రెషన్, అంటే ఇంజను లోపల గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో చూడాలని నాకు నేర్పింది ఆయనే. ఫోన్ చేస్తే దాన్ని కొలవడానికి బైకులకు వాడే మీటరు ఎవరినో అడిగి పంపించాడు. నేను యాక్సిలరేటరు పట్టుకుని మీటరు చూడాలి, మరి కిక్కు కొట్టేదెవరు? మా ఆయన మంచం దిగలేడు.

"నాను కొడతాను. ఏటి సెయ్యాలో సెప్పు," అంది అత్త, కుచ్చిళ్లు పైకి దోపుకుంటూ.

బండిని వాకిట్లో సెంటర్ స్టాండు వేసి, నేనే స్టార్టు చేసి, ఇంజను కాస్త వేడెక్కాక ఆపాను. న్యూట్రల్‌లో పెట్టి, పెట్రోలు కట్టేసి, తాళం తీసి అత్తకిచ్చాను.

"ఇదెందుకు నాకు?"

"తాళం ఉంటే నిప్పురవ్వ వస్తాదత్తా. ప్లగ్గు తీసిన బెజ్జంలోంచి పెట్రోలు ఆవిరి వస్తాది. రెండూ కలిస్తే మంటే."

ఆమె తాళం కొంగున ముడేసుకుని, లోపలికెళ్లి ఉడుకుతున్న అన్నం కింద పొయ్యి ఆర్పి వచ్చింది. అన్నం సంగతేంటని మా ఆయన అడిగితే, "ఉండరా, బండి సూస్తన్నాం," అంది.

జాగ్రత్తగా ప్లగ్గు విప్పి మీటరు బిగించాను. యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి పట్టుకున్నాను. మొదటిసారి అత్త కాలు జారింది. రెండోసారి నుంచి గట్టిగా తొక్కింది. ముల్లు కొద్దిగా లేచి ఆగిపోయింది. బెజ్జంలో చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్లీ కొట్టమన్నాను. ఈసారి ముల్లు బాగా పైకి పోయింది.

"పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగిపోయాయత్తా. ఆయిలు ఆ సందుల్ని మూసింది, అందుకే ఒత్తిడి పెరిగింది."

అత్త రొప్పుతూ గుమ్మంలో కూలబడి, మీటరు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఇంత సిన్న ముల్లు ఎంత సంగతి సెప్పిందే," అంది.

మెకానిక్‌కి నేను చెబుతుంటే ఆమె పక్కనే నిలబడింది. అతను పైభాగం మాత్రమే విప్పి రింగులు మార్చాడు. బండి మళ్లీ ఎత్తులెక్కింది.

ఆ తర్వాత వారం అత్త తనకు బండి నేర్పమంది. కాలేజీ మైదానంలో వెనక నేను కూర్చుంటే, మొదటి గేరులోనే ఒక చుట్టు తిప్పింది. దిగమంటే దిగలేదు. పోయినేడు ఆమె కన్నుమూసింది. మైదానంలో ఆ రోజు బండి మీద ఆమె భుజాలు పట్టుకుని కూర్చున్న నాకు, చీరకంటిన చేపల వాసన ఇంకా గుర్తుంది.