మలుపు దగ్గరి హారన్

ఆ అంటుజబ్బు రోజుల్లో ఊరికి పోవాలా మానాలా అన్న సందేహం వస్తే జనం బస్సు డ్రైవరునే అడిగేవాళ్ళు. "తప్పనిసరైతే రండి, లేకపోతే ఇంట్లో కూర్చోండి," అనేవాడాయన. పరాయివాళ్ళకి నీతులు చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉంటారు. ఈయన మాత్రం చెప్పిందే చేసే మొండి ఘటం.

రోజూ ఆయన బస్సు వెళ్ళే ఊళ్ళోనే కూతురుంది. పురుడు పోయడానికి వెళ్ళిన భార్యా అక్కడే ఉండిపోయింది. ఆయన మాత్రం ఆ గడప తొక్కలేదు. బస్సెడు జనం మధ్య తిరిగి వచ్చి పసిగుడ్డును ఎత్తుకోవడానికి మనసొప్పలేదు. వాళ్ళ వీధి మలుపులో మూడుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయేవాడు. ఏడ్చే మనవరాలు ఆ మోతకి టక్కున ఊరుకునేదట. ఆ సంగతి విన్న రోజు స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చాడు.

"అందరినీ అయినవాళ్ళ దగ్గర దించుతావు, నువ్వు మాత్రం రావు," అని కూతురు ఫోన్లో నిష్ఠూరమాడింది.

"మీ నాన్నకి మనకంటే ఆ బస్సే ముద్దు," అని వెనకనుంచి తల్లి.

ఆ మాట గుచ్చుకుంది. రెండు వారాలు సెలవు పెట్టి, ఎవరినీ కలవకుండా ఇంట్లోనే ఉండి, తర్వాత కారు మాట్లాడుకుని వెళ్ళాలని తీర్మానించుకున్నాడు. చెప్పకుండా వెళ్ళి గుమ్మంలో నిలబడాలని ముచ్చట. అందుకే ఫోన్ వస్తే, "డ్యూటీలో ఉన్నానమ్మా," అని బొంకేవాడు. హారన్ సంగతే మరిచిపోయాడు, ఏం మనిషో!

సెలవు అయిపోవస్తుండగా ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు దబదబా బాదారు. తీస్తే ఎదురుగా కూతురు, చేతుల్లో పాప, వెనక సంచీతో భార్య.

"ఒంట్లో ఎలా ఉంది నాన్నా? నిజం చెప్పు," గుమ్మంలోనే నిలదీసింది కూతురు. "డ్యూటీ అంటావు, హారన్ వినపడదు. బస్సువాళ్ళనడిగితే సెలవన్నారు. జబ్బు పడి దాస్తున్నావనుకున్నాం."

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను! మీరెలా వచ్చారు?"

"ఎలా వస్తాం? నీ బస్సులోనే. నిలబడ్డానికి కూడా చోటు లేదు."

ఏ జనానికి భయపడి ఆయన ఇన్నాళ్ళూ ఆగాడో, ఆ జనం మధ్యనే పాప వచ్చింది. తన అబద్ధమే తెచ్చింది. కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. కొత్త మొహాన్ని చూసి పాప గుక్కపెట్టింది.

"నిండా మునిగాక చలేమిటి, ఎత్తుకోండి," అంది భార్య.

ఎత్తుకున్నాడు. నోటితోనే హారన్ కొట్టాడు. ఒకటి, రెండు. మూడోది గొంతులోనే ఆగిపోయింది. పాప ఏడుపు మానేసి, మూడోదాని కోసం ఆయన నోటివంకే చూస్తోంది.